హాట్ రాడ్‌లో పవర్ బ్రేకులు పట్టకపోతే: బూస్టర్ మార్చే ముందు వేయాల్సిన లెక్క

1932 ఫోర్డ్ బాడీ, అందులో షెవర్లే వీ8 ఇంజిన్, ముందు చక్రాలకు డిస్క్ బ్రేకులు, పెడల్ వెనక కొత్త పవర్ బూస్టర్ (ఇంజిన్ లాగే వాక్యూమ్‌తో కాలి బలాన్ని పెంచే డబ్బా). పాత కారును వేరే బండ్ల పార్టులతో, వేగం కోసం కట్టుకున్న హాట్ రాడ్ ఇది, చూడటానికి అన్నీ సరిగ్గానే ఉన్నాయి. సిగ్నల్ దగ్గర పెడల్ తొక్కితే మాత్రం అది బిగుసుకుపోయి ఉంటుంది, బండి ఆగాల్సిన చోటు దాటి ముందుకే పోతుంది. ఇలాంటప్పుడు చాలామంది చేసే మొదటి పని ఇంకో బూస్టర్ కొనడం. అది బిగించాక కూడా తేడా లేకపోతే మాస్టర్ సిలిండర్ (పెడల్ బలంతో బ్రేక్ ఆయిల్‌ను నెట్టేది), ఆ తర్వాత కాలిపర్లు (ప్యాడ్లను డిస్కు మీద నొక్కేవి), ప్యాడ్లు. డబ్బు ఖర్చవుతూ ఉంటుంది, బ్రేకు మాత్రం పట్టదు.

హాట్ రాడ్‌లో పవర్ బ్రేకు బలహీనంగా ఉందంటే చాలాసార్లు చెడిపోయిన పార్టు అంటూ ఏదీ ఉండదు. ఒక్కొక్కటీ విడిగా చూస్తే బాగానే ఉంటుంది, ఒకదానితో ఒకటి లెక్క కుదరదు. ఆ లెక్క ఎక్కడ తప్పిందో తెలుసుకోవడానికి ఒక వాక్యూమ్ గేజ్, ఒక ప్రెషర్ గేజ్, ఒక టేపు ఉంటే చాలు.

కంపెనీ నుంచి వచ్చిన కారుకు ఈ బెడద తక్కువ. ఇంజిన్ ఎంత వాక్యూమ్ ఇస్తుంది, బండి బరువెంత, పెడల్ పొడవెంత అన్నీ చూసుకున్నాకే ఇంజనీర్లు బూస్టర్ సైజు నిర్ణయిస్తారు. హాట్ రాడ్ పుట్టుకే వేరు. రెండో ప్రపంచ యుద్ధానికి ముందే దక్షిణ కాలిఫోర్నియా కుర్రాళ్లు పాత ఫోర్డులను తేలిక చేసి, ఇంజిన్ బలం పెంచి, మ్యూరాక్, ఎల్ మిరాజ్ లాంటి ఎండిపోయిన సరస్సుల మీద పరుగులు పెట్టించారు. ఫోర్డ్ 1932లోనే వీ8 ఇంజిన్ తెచ్చినా, 1938 మోడల్ దాకా దాని కార్లకు ఉన్నవి మెకానికల్ బ్రేకులే. హైడ్రాలిక్ బ్రేకులు 1939 మోడల్‌తో వచ్చాయి. అందుకే యుద్ధం తర్వాత 1932 ఫోర్డ్‌కు 1940 ఫోర్డ్ బ్రేకులు బిగించుకోవడం మామూలైపోయింది. వేరే బండి పార్టు తెచ్చి వేసుకోవడం అప్పటినుంచీ ఈ సంప్రదాయంలో ఉన్నదే. 1955లో వచ్చిన షెవర్లే స్మాల్ బ్లాక్ వంశపు ఇంజిన్, 1957 నుంచి ఫోర్డ్ వాడిన 9 అంగుళాల వెనక యాక్సిల్, 1974–78 మస్టాంగ్ 2 తరహా ముందు సస్పెన్షన్ ఈరోజు ఒకే బండిలో కలిసి కనిపిస్తాయి. ఒక్కొక్కటి వేరే బరువుకు, వేరే పెడల్‌కు తయారైనది. వీటి మధ్య పొత్తు కుదర్చాల్సిన ఇంజనీరు ఆ బండి కట్టుకునే మనిషే.

వెతుకులాట కాలితోనే మొదలవ్వాలి. పెడల్ పైనే గట్టిగా నిలబడి, ఎంత తొక్కినా బండి ఆగకపోతే అది బలం చాలని సమస్య: వాక్యూమ్, బూస్టర్, మాస్టర్ సిలిండర్ బోరు (లోపలి వ్యాసం), పెడల్ నిష్పత్తి (పెడల్ కాలి బలాన్ని ఎన్ని రెట్లు చేస్తుందన్నది), ప్యాడ్లు. పెడల్ మెత్తగా, తొక్కేకొద్దీ సాగుతున్నట్టు ఉంటే లైన్లలో గాలి ఉంది. పెడల్ చాలా కిందికి వెళ్లాక గానీ బ్రేకు అందకపోతే వెనక డ్రమ్ముల్లో లైనర్ల సర్దుబాటు తప్పి ఉండొచ్చు, పెడల్ బలాన్ని మాస్టర్ సిలిండర్‌కు చేర్చే పుష్ రాడ్ దగ్గర సందు ఎక్కువై ఉండొచ్చు. కాలు తొక్కి పట్టి ఉంచితే నెమ్మదిగా కిందికి జారిపోతుంటే, బయట లీకు లేదని తేలాక, మాస్టర్ సిలిండర్ లోపలి రబ్బరు కప్పు ఆయిల్‌ను వెనక్కి వదిలేస్తున్నట్టు. ‘బ్రేకు వీకు’ అన్న ఒక్క మాటలో ఈ నాలుగు రోగాలనూ కలిపేస్తే మందు కుదరదు. ఎక్కువమందిని సతాయించేది మొదటిదే కాబట్టి దాని మీదే నిలబడదాం.

ఏ పనిముట్టూ లేకుండా చేయగల పరీక్ష ఒకటుంది. ఇంజిన్ ఆపి, బూస్టర్‌లో మిగిలిన వాక్యూమ్ అయిపోయేదాకా పెడల్‌ను నాలుగైదుసార్లు తొక్కాలి. పెడల్ గట్టిపడ్డాక దాని మీద ఓ మోస్తరు బలంతో కాలు ఉంచి ఇంజిన్ స్టార్ట్ చేయాలి. బూస్టర్ పనిచేస్తుంటే పెడల్ కాలి కింద కాస్త దిగుతుంది. అసలు కదలకపోతే బూస్టర్ పోయింది, లేదా దానికి వాక్యూమ్ అందట్లేదు. తర్వాత ఇంజిన్‌ను కాసేపు తిప్పి ఆపేసి, కొన్ని నిమిషాలు ఆగి తొక్కాలి. రెండు మూడుసార్లు మెత్తగా వెళ్లి, ఆ తర్వాత గట్టిపడితే బూస్టర్ మూతి దగ్గరి చెక్ వాల్వ్ వాక్యూమ్‌ను నిలబెడుతున్నట్టు లెక్క. మొదటి తొక్కుకే గట్టిగా ఉంటే చెక్ వాల్వ్, దాని రబ్బరు గ్రోమెట్, బూస్టర్ లోపలి డయాఫ్రమ్ (రబ్బరు పొర), ఈ మూడింటిలో ఒకటి లీకవుతోంది. పెడల్ తొక్కి పట్టినంతసేపూ కాలి దగ్గర బుస్సుమని ఆగని చప్పుడు వస్తుంటే అనుమానం డయాఫ్రమ్ మీదికో, గాలి వదిలే వాల్వ్ మీదికో వెళ్లాలి.

ఇంకో లోపం బయటికి కనపడదు. రిజర్వాయర్‌లో బ్రేక్ ఆయిల్ తగ్గుతూ ఉంటుంది, చక్రాల దగ్గర గానీ పైపుల దగ్గర గానీ తడి ఉండదు. మాస్టర్ సిలిండర్ వెనక సీలు పోతే ఆయిల్ తిన్నగా బూస్టర్ లోపలికి దిగుతుంది, అక్కణ్నుంచి వాక్యూమ్ గొట్టం గుండా ఇంజిన్ దాన్ని తాగేస్తుంది. సైలెన్సర్‌లోంచి తెల్లపొగ కూడా రావొచ్చు. మాస్టర్ సిలిండర్ నట్లు విప్పి కాస్త ముందుకు జరిపి చూస్తే వెనక తడి, ఊడిపోయిన పెయింటు కనిపిస్తాయి. అలాంటప్పుడు బూస్టర్‌ను కూడా మార్చక తప్పదు, బ్రేక్ ఆయిల్ తగిలిన డయాఫ్రమ్ రబ్బరును నమ్మలేం.

ఇవన్నీ సరిగ్గా ఉన్నాయంటే ప్రెషర్ గేజ్ బయటికి తీయాలి. ముందు కాలిపర్ బ్లీడర్ (గాలి తీసే స్క్రూ) తీసేసి ఆ రంధ్రంలో గేజ్ బిగించి, గాలి తీసి, ఇంజిన్ నడుస్తుండగా పెడల్‌ను బలంగా తొక్కాలి. డిస్క్ బ్రేకులు గట్టిగా పట్టాలంటే అక్కడ చదరపు అంగుళానికి 900 నుంచి 1,000 పౌండ్ల దాకా, అంటే 900–1,000 పీఎస్ఐ కనిపించాలి. అంత వస్తున్నా బండి ఆగట్లేదంటే తప్పు ప్యాడ్లు, డిస్కులు, కాలిపర్ల వైపు ఉంది. రాకపోతే తప్పు పెడల్‌కీ కాలిపర్‌కీ మధ్య ఉంది. వెతకాల్సిన చోటును సగానికి తగ్గించే ఈ ఒక్క కొలత తీసుకోకుండా పార్టులు కొనడం తొందరపాటే.

ప్రెషర్ తక్కువ వస్తే చూపు వాక్యూమ్ మీదికి మళ్లాలి. బూస్టర్ తనంతట తాను బలం పుట్టించదు. అందులో ఒక రబ్బరు డయాఫ్రమ్, దానికి రెండు వైపులా గదులు ఉంటాయి. పెడల్ వదిలేసి ఉన్నప్పుడు రెండు గదుల్లోనూ ఇంజిన్ లాగిన వాక్యూమే ఉంటుంది. పెడల్ తొక్కగానే వెనక గదిలోకి బయటి గాలి వస్తుంది, ముందు గదిలో వాక్యూమ్ అలాగే ఉంటుంది. ఆ తేడా వల్ల బయటి గాలి డయాఫ్రమ్‌ను ముందుకు నెడుతుంది, డయాఫ్రమ్ మాస్టర్ సిలిండర్‌ను నెడుతుంది. కాబట్టి ఇంజిన్ ఎంత లాగితే సాయం అంత. ఘాట్ రోడ్డు దిగేటప్పుడు పెట్రోలు మిగులుతుందని ఇంజిన్ ఆపేస్తే రెండు మూడు తొక్కుల తర్వాత బ్రేకు బిగుసుకుపోవడానికి కారణం ఇదే. మన రోడ్ల మీద ఆ అలవాటు ఇంకా ఉన్నవాళ్లు ఈ సంగతి గట్టిగా గుర్తుంచుకోవాలి. డీజిల్ ఇంజిన్ మానిఫోల్డ్‌లో (సిలిండర్లకు గాలి వెళ్లే దారిలో) బూస్టర్‌కు సరిపడా వాక్యూమ్ పుట్టదు కాబట్టి ఆ కార్లకు విడిగా వాక్యూమ్ పంపు పెడతారు.

మామూలు క్యామ్ (వాల్వులను తెరిచి మూసే ఇరుసు) ఉన్న ఆరోగ్యమైన వీ8 ఐడిలింగ్‌లో 17 నుంచి 21 అంగుళాల పాదరసం వాక్యూమ్ ఇస్తుంది (వాక్యూమ్‌ను పాదరసం ఎత్తుతో కొలుస్తారు). బూస్టర్లు బాగా పనిచేయడానికి 18 అంగుళాలు ఉండాలన్నది అందరూ పాటించే లెక్క. 15 కిందికి వస్తే తేడా కాలికి తెలుస్తుంది. హాట్ రాడ్ కట్టేవాళ్లు ఇష్టపడే ఆ తడబడే ఐడిలింగ్ చప్పుడు పెద్ద క్యామ్‌తో వస్తుంది. వాల్వులు ఎక్కువసేపు తెరిచి ఉండటం, ఇన్‌టేక్, ఎగ్జాస్ట్ వాల్వులు రెండూ కలిసి తెరిచి ఉండే సమయం పెరగడం వల్ల ఐడిలింగ్‌లో మానిఫోల్డ్ వాక్యూమ్ 8, 10, 12 అంగుళాలకు పడిపోతుంది. ఆ చప్పుడు కావాలనుకున్నప్పుడే బ్రేకుకు వేరే ఏర్పాటు కూడా చూసుకోవాలి. చాలా బండ్లలో ఈ రెండు నిర్ణయాలూ విడివిడిగా జరుగుతాయి, గొడవ అక్కడే మొదలవుతుంది.

గేజ్ ఎక్కడ పెట్టాలన్నది ముఖ్యం. మానిఫోల్డ్ దగ్గర కొలిస్తే ఇంజిన్ సంగతి తెలుస్తుంది, బూస్టర్‌కు ఎంత అందుతోందో తెలియదు. బూస్టర్ చెక్ వాల్వ్‌కు ముందు గొట్టంలో ఒక టీ జాయింటు పెట్టి అక్కడ గేజ్ తగిలించాలి. ఇంజిన్ పూర్తిగా వేడెక్కాలి, ఆటోమేటిక్ గేర్‌బాక్స్ అయితే డ్రైవ్‌లో వేయాలి, చక్రాలకు అడ్డు పెట్టి హ్యాండ్ బ్రేక్ లాగి ఉంచాలి, బండి ముందు ఎవరూ నిలబడకూడదు. న్యూట్రల్‌లో 13 చూపించిన ముల్లు డ్రైవ్‌లో వేయగానే 10కి దిగడం, అక్కడా నిలకడ లేకుండా 8కీ 11కీ మధ్య వణకడం పెద్ద క్యామ్ బండిలో చూడొచ్చు. సిగ్నల్ దగ్గర బ్రేకు మీద కాలు పెట్టినప్పుడు బూస్టర్‌కు దొరికేది అదే. పెద్ద క్యామ్ కోసం ఐడిల్ వేగం పెంచి ఉంటే టార్క్ కన్వర్టర్ (ఆటోమేటిక్‌లో ఇంజిన్ బలాన్ని గేర్‌బాక్స్‌కు చేర్చేది) కూడా బండిని ముందుకు నెడుతుంటుంది, డ్రైవరు ఆ తోపును కూడా ఆపాలి.

హైవే మీద యాక్సిలరేటర్ వదలగానే త్రాటిల్ మూసుకుని, ఇంజిన్ వేగంగా తిరుగుతూనే ఉండటం వల్ల పెద్ద క్యామ్ ఇంజిన్‌లో కూడా వాక్యూమ్ బాగా పెరుగుతుంది. చెక్ వాల్వ్ దాన్ని బూస్టర్‌లో దాచి ఉంచుతుంది. అందుకే హైవేలో మొదటి బ్రేకు బాగా పడుతుంది. అదే బండి పార్కింగ్‌లో, నెమ్మదిగా సాగే ట్రాఫిక్‌లో, వెంటవెంటనే తొక్కాల్సి వచ్చినప్పుడు మొరాయిస్తుంది. వేగంలో బాగుండి నెమ్మదిలో బాగాలేదంటే వేలు వాక్యూమ్ వైపే చూపిస్తుంది.

ఊరి ఎత్తు కూడా లెక్కలోకి రావాలి. సముద్ర మట్టం నుంచి వెయ్యి అడుగులు ఎక్కేకొద్దీ సుమారు ఒక అంగుళం వాక్యూమ్ తగ్గుతుంది. 5,280 అడుగుల ఎత్తున ఉన్న డెన్వర్‌లో ఆ లెక్కన ఐదు అంగుళాలు పోయినట్టే. కాలిఫోర్నియా తీరంలో సర్దుకుపోయిన బండి కొలరాడోలో భయపెట్టొచ్చు.

వాక్యూమ్ తక్కువ కనిపిస్తే ముందు గొట్టం ఎక్కడ తగిలించారో చూడాలి. అది త్రాటిల్ ప్లేట్లకు కింద, మానిఫోల్డ్ వాక్యూమ్ పూర్తిగా దొరికే చోట ఉండాలి. డిస్ట్రిబ్యూటర్ కోసం కార్బురేటర్‌కు ఇచ్చే చిన్న పోర్టులు పనికిరావు. ఒకే సిలిండర్‌కు వెళ్లే రన్నర్ నుంచి తీసుకుంటే వాక్యూమ్ నిలకడగా ఉండదు, అన్ని సిలిండర్లకూ ఉమ్మడిగా ఉండే చోటి నుంచే తీసుకోవాలి. గాలిని బలవంతంగా లోపలికి తోసే రూట్స్ బ్లోవర్ బిగించిన ఇంజిన్లో బ్లోవర్ కింది మానిఫోల్డ్‌లో లోడు పడినప్పుడు వాక్యూమ్ పోయి బూస్ట్ వస్తుంది కాబట్టి గొట్టాన్ని బ్లోవర్ పైన, కార్బురేటర్ల కింద తగిలించాలి. గొట్టం కూడా వాక్యూమ్ కోసం చేసినదే అయ్యుండాలి. పెట్రోలు పైపు ముక్క వేస్తే చల్లగా ఉన్నప్పుడు బాగానే ఉండి, హెడర్ల (ఎగ్జాస్ట్ పైపుల) వేడికి మెత్తబడి లోపలికి కూలిపోతుంది. బయటినుంచి చూస్తే ఏమీ తెలియదు.

ఆ తర్వాత ఇంజిన్ ట్యూనింగ్. కార్బురేటర్ కింది గాస్కెట్ లీకు, మూయకుండా వదిలేసిన వాక్యూమ్ పోర్టు, వెనకబడ్డ ఇగ్నిషన్ టైమింగ్, సరిగ్గా సర్దని ఐడిల్ మిక్చర్ స్క్రూలు వాక్యూమ్‌ను తినేస్తాయి. పెద్ద క్యామ్‌కు కంపెనీ పాత ఇంజిన్ల కోసం చెప్పిన ఇనీషియల్ టైమింగ్ (ఐడిలింగ్‌లో స్పార్క్ ఎంత ముందు పడాలన్నది) చాలదు, చాలా వాటికి ఇంకొన్ని డిగ్రీలు కావాలి. అది పెంచినప్పుడు మొత్తం అడ్వాన్స్ హద్దు దాటకుండా డిస్ట్రిబ్యూటర్‌లో మెకానికల్ అడ్వాన్స్‌ను తగ్గించుకోవాలి. టైమింగ్, మిక్చర్ సర్దుతూ గేజ్ ముల్లు చూస్తుంటే రెండు మూడు అంగుళాలు తిరిగి రావడం అరుదేమీ కాదు. ఖర్చు లేని మరమ్మతు ఇదొక్కటే, ఎక్కువమంది దాటేసేదీ ఇదే.

ఇక అసలు లెక్క. బండి ఫ్లోరు కింద ఇరుకు జాగాలో పట్టడానికి హాట్ రాడ్లలో ఎక్కువగా వాడేది 7 అంగుళాల సింగిల్ డయాఫ్రమ్ బూస్టర్. దాని వైశాల్యం సుమారు 38.5 చదరపు అంగుళాలు. 18 అంగుళాల వాక్యూమ్ అంటే దాదాపు 8.8 పీఎస్ఐ. ఈ రెండూ గుణిస్తే బూస్టర్ ఇవ్వగల పూర్తి సాయం సుమారు 340 పౌండ్లు. 10 అంగుళాల వాక్యూమ్‌తో అదే బూస్టర్ 190 పౌండ్ల దగ్గర ఆగిపోతుంది. అసలు బూస్టర్‌లో నికర వైశాల్యం ఇంకొంచెం తక్కువే ఉంటుంది, కానీ పోల్చుకోవడానికి ఈ అంకెలు చాలు.

పవర్ బ్రేకుకు పెడల్ నిష్పత్తి మామూలుగా 4:1. డ్రైవరు కంగారులో 100 పౌండ్ల బలంతో తొక్కాడనుకుందాం, పుష్ రాడ్ మీద 400 పౌండ్లు పడతాయి. 18 అంగుళాల వాక్యూమ్ ఉంటే 340 కలిసి 740. మాస్టర్ సిలిండర్ బోరు 1 అంగుళం అయితే దాని వైశాల్యం 0.785 చదరపు అంగుళాలు, లైనులో ప్రెషర్ సుమారు 940 పీఎస్ఐ. బాగుంది. ఇప్పుడు వాక్యూమ్ 10 అంగుళాలే ఉండి, పెద్దది మంచిదనుకుని 1⅛ అంగుళం బోరు మాస్టర్ సిలిండర్ వేశారనుకుందాం. 400కు 190 కలిపి 590, దాన్ని 0.994తో భాగిస్తే 595 పీఎస్ఐ దాటదు. మూడో వంతుకు పైగా ప్రెషర్ పోయింది. ఈ బండిలో ఒక్క పార్టు కూడా చెడిపోలేదు.

మాస్టర్ సిలిండర్ బోరు విషయంలో పొరపాటు పడటం చాలా సులువు. లావు సిరంజికంటే సన్న సిరంజిని అదే బలంతో నొక్కితే మందు ఎక్కువ జోరుగా వస్తుంది, ఇక్కడా సూత్రం అదే. బోరు పెద్దదైతే తక్కువ కదలికతో ఎక్కువ ఆయిల్ వెళ్తుంది, పెడల్ పైనే నిలబడి గట్టిగా, భరోసాగా అనిపిస్తుంది, ప్రెషర్ మాత్రం తగ్గుతుంది. పెడల్ గట్టిగా ఉండటం వేరు, బ్రేకు గట్టిగా పట్టడం వేరు. పెడల్ నిష్పత్తిని టేపుతో కొలవొచ్చు: ఇరుసు నుంచి పాదం పెట్టే చోటుకు ఉన్న దూరాన్ని, ఇరుసు నుంచి పుష్ రాడ్ తగిలే చోటుకు ఉన్న దూరంతో భాగించాలి. ఇరుకులో సర్దిన పెడల్ 3:1 దగ్గర తేలితే 100 పౌండ్లు మొదట్లోనే కరిగిపోయినట్టు.

డ్రమ్ముల నుంచి డిస్కులకు మారినవాళ్లు చెప్పే ఫిర్యాదు ఇంకొకటుంది: ‘డిస్కులు వేశాక బ్రేకు ఇంకా గట్టిగా తొక్కాల్సి వస్తోంది.’ ఇది భ్రమ కాదు. అమెరికన్ డ్రమ్ముల్లో డ్రమ్ము తిరిగే బలమే లైనర్‌ను ఇంకా లోపలికి లాగుతుంది, కాలి బలానికి అది తోడవుతుంది. డిస్కులో అలాంటి సాయం లేదు. కాబట్టి డ్రమ్ముల లెక్కతో ఉన్న పెడల్, మాస్టర్ సిలిండర్ డిస్కులకు చాలవు.

బూస్టరూ మాస్టర్ సిలిండరూ ఫ్లోరు కింద ఉన్న బండికి ఇంకొన్ని చిక్కులు ఉన్నాయి. మాస్టర్ సిలిండర్ కాలిపర్ల కన్నా కిందికి ఉంటే ఆయిల్ నెమ్మదిగా వెనక్కి పారుతుంది, ప్రతిసారీ మొదటి తొక్కు వృథా అవుతుంది. దానికి డిస్కుల లైనులో 2 పీఎస్ఐ, డ్రమ్ముల లైనులో 10 పీఎస్ఐ నిలిపి ఉంచే రెసిడ్యువల్ వాల్వ్ పెడతారు. 10ది పొరపాటున డిస్కుల లైనులో పడితే ప్యాడ్లు ఎప్పుడూ రాసుకుంటూ వేడెక్కుతాయి. బూస్టర్‌కీ మాస్టర్ సిలిండర్‌కీ మధ్య పుష్ రాడ్‌లో అంగుళంలో వెయ్యింట 20 వంతులు, అంటే అర మిల్లీమీటరు దగ్గర సందు ఉండాలి. ఎక్కువైతే పెడల్ కిందికి పోతుంది. అసలు లేకపోతే ఆయిల్ రిజర్వాయర్‌లోకి తిరిగి వెళ్లే రంధ్రం మూసుకుపోయి, వేడెక్కేకొద్దీ బ్రేకులు వాటంతటవే పట్టేస్తాయి. ఇంకొకరు పెడల్ తొక్కుతుండగా బండి కిందినుంచి బ్రాకెట్‌ను చూడటం కూడా మంచిది. పలచటి రేకుతో చేసిన బ్రాకెట్ వంగుతుంటే కాలి బలం రేకు వంచడానికే పోతోంది.

గాలి తీయడం ఎంత చేసినా పెడల్ మెత్తబడితే కాలిపర్లు కుడి ఎడమలు మారాయేమో చూడాలి. అవి చాలావాటిలో తారుమారుగా కూడా బిగుస్తాయి, కానీ బ్లీడర్ కిందికి వచ్చేస్తుంది. గాలి పైనే ఉండిపోతుంది, ఎంత ఆయిల్ పోసినా బయటికి రాదు. సిలికాన్ రకం డాట్ 5 ఆయిల్‌ను డాట్ 3, డాట్ 4 ఆయిళ్లతో కలపకూడదు. అది గాలి బుడగలను పట్టుకుంటుంది కాబట్టి నెమ్మదిగా పోయాలి.

కాలిపర్ ఎంపికలోనూ ఒక తిరకాసు ఉంది. జనరల్ మోటార్స్ మధ్యతరహా కార్లలో 1978 నుంచి వాడిన కాలిపర్లలో పిస్టన్ 2½ అంగుళాలు, అంతకు ముందు తరం పెద్ద కాలిపర్లలో 2 15/16 అంగుళాలు. వైశాల్యం చూస్తే పెద్దది దాదాపు 38 శాతం ఎక్కువ, అదే ప్రెషర్‌కు అంత ఎక్కువ బలంతో నొక్కుతుంది. పైగా ఆ చిన్న కాలిపర్లలో ప్యాడ్లు డిస్కుకు రాసుకోకుండా బాగా వెనక్కి జరిగే రకాలు ఉన్నాయి. వాటి కోసం కంపెనీ వేరే తరహా మాస్టర్ సిలిండర్ వాడింది. మామూలు మాస్టర్ సిలిండర్‌తో వాటిని కలిపితే పెడల్ చాలా దూరం వెళ్తుంది.

అన్నీ సర్దాక కూడా వాక్యూమ్ 12 దాటకపోతే ఏం చేయాలి? చాలామందికి మొదట తట్టేది వాక్యూమ్ రిజర్వు ట్యాంకు. ట్యాంకు వాక్యూమ్‌ను దాచుతుందే గానీ పెంచదు. హైవేలో పుట్టిన వాక్యూమ్‌ను ఇంకో రెండు తొక్కులకు ఉంచుతుంది, ఐడిలింగ్‌లో 10 అంగుళాలే వచ్చే ఇంజిన్‌కు కాసేపటికి ట్యాంకులోనూ 10 అంగుళాలే మిగులుతాయి. కరెంటు వాక్యూమ్ పంపు అయితే సరిపడా వాక్యూమ్ నిజంగానే ఇస్తుంది. దానికి ఫ్యూజు, రిలే పెట్టాలి, చప్పుడు వినపడకుండా దూరంగా బిగించాలి. పవర్ స్టీరింగ్ ఉన్న బరువైన బండికి హైడ్రో బూస్ట్ మంచి దారి. అది ఇంజిన్ వాక్యూమ్ మీద కాకుండా స్టీరింగ్ పంపు ప్రెషర్ మీద పనిచేస్తుంది, క్యామ్ ఎంత పెద్దదైనా దానికి సంబంధం లేదు.

తేలికైన రోడ్‌స్టర్‌కు మాత్రం బూస్టర్ తీసేయడమే అన్నిటికన్నా మంచి జవాబు అయ్యే సందర్భాలు చాలా ఉన్నాయి. పెడల్ నిష్పత్తిని 6:1 చేసి, ⅞ అంగుళం బోరు మాస్టర్ సిలిండర్ వేస్తే అదే 100 పౌండ్ల తొక్కుకు 600 పౌండ్లు, దాన్ని 0.601తో భాగిస్తే దాదాపు 1,000 పీఎస్ఐ. 10 అంగుళాల వాక్యూమ్‌తో కుంటుతున్న పవర్ బ్రేకు ఇచ్చిన 595 పక్కన ఈ అంకె పెట్టి చూడాలి. దీనికి చెల్లించే మూల్యం పెడల్ ప్రయాణం. 4:1 పెడల్‌తో 1⅛ బోరు పంపినంత ఆయిల్‌ను పంపడానికి పెడల్ సుమారు రెండున్నర రెట్లు కదలాలి. కాబట్టి వెనక లైనర్లు దగ్గరగా సర్దుకోవాలి, లైనులో గాలి బొత్తిగా ఉండకూడదు, పెడల్ ఫ్లోరుకు తగలక ముందే 1,000 చూపిస్తోందని గేజ్‌తో రుజువు చేసుకోవాలి. ఆ చోటు చాలకపోతే 15/16 బోరుకు వెళ్లాలి, అప్పుడు అదే తొక్కుకు 870 దగ్గర వస్తుంది, 900 కావాలంటే కాస్త గట్టిగా తొక్కాలి.

ప్యాడ్లు కొన్నప్పుడు రేసు కోసం చేసినవి తీసుకోకూడదు. వేడెక్కితే గానీ పట్టని ఆ ప్యాడ్లు ఊళ్లో తిరిగే తేలిక బండిలో ఎప్పుడూ వేడెక్కవు. కొత్త ప్యాడ్లు బిగించాక వాటి తయారీదారు చెప్పిన పద్ధతిలో డిస్కులకు అలవాటు చేయాలి. ఖాళీ రోడ్డు మీద ఓ మోస్తరు వేగం నుంచి, చక్రాలు లాక్ కాకుండా, పూర్తిగా ఆపకుండా వరుసగా నెమ్మదించి, మధ్యలో చల్లారనిచ్చి, చివర బాగా చల్లారేదాకా బ్రేకు తొక్కి పట్టకుండా నడపాలి. ఆ తర్వాత కాలిపర్ దగ్గర గేజ్ మళ్లీ బిగించి ఐడిలింగ్‌లో, డ్రైవ్‌లో, వెంటవెంటనే మూడుసార్లు తొక్కి ప్రెషర్ రాసుకోవాలి. మూడో తొక్కుకు కూడా అంకె 900 కిందికి పడకపోతే ఆ బండిని ట్రాఫిక్‌లోకి తీసుకెళ్లొచ్చు.